తెలుగులో 38 మార్కులు వచ్చిన బాబుకి తెలుగు చదవడం ఎందుకు రాలేదు?

పాలకొల్లు దగ్గర నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా బాబు ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మీడియం, నాలుగో తరగతి. తెలుగులో 40కి 38 వచ్చాయి. కానీ పేపర్లో హెడ్డింగు చదవమంటే నీళ్లు నములుతున్నాడు. తప్పు స్కూలుదా, గవర్నమెంటు పాలసీదా, మాదా? తెలుగు మీడియంలోకి మార్చమంటారా?"

అమ్మా, మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. మార్చక్కర్లేదు. నాలుగో తరగతి మధ్యలో స్కూలు మార్చి, స్నేహితుల్ని విడదీసి, పిల్లాడికి లేనిపోని టెన్షన్ పెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా మారుద్దామన్నా మీ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు మీడియం ఎక్కడుందని? మీ బాబుకి మీడియం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. వాడికి మార్కులు తెచ్చుకోవడం నేర్పారు, చదవడం ఎవరూ నేర్పలేదు. ఈ రెండూ ఒకటేనని నేను కూడా చాలా ఏళ్లు అనుకున్నాను కాబట్టి, కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నేను 1989లో తెలుగు పండిట్ గ్రేడ్-2గా ఉద్యోగంలో చేరాను. కోనసీమలోనే, ఎక్కువగా రాజోలు వైపు హైస్కూళ్లలో పనిచేసి, 62 నిండాక 2025లో రిటైరయ్యాను. చేరిన కొత్తలో నా చేతికి ఆరో తరగతి ఇచ్చారు. ఒక పిల్లాడుండేవాడు. నోటుపుస్తకం తెరిస్తే ముత్యాలు పేర్చినట్టుండేవి అక్షరాలు. కొట్టివేత లేదు, తప్పు లేదు. మురిసిపోయి, వాడు రాసిన పేజీలోనే ఒక వాక్యం మధ్యలో మాట మీద వేలు పెట్టి "ఇదేంటిరా?" అన్నాను. వాడు నా వేలు వంక చూడలేదు. లైను మొదటికి వెళ్లాడు. అక్కణ్ణుంచి గొణుక్కుంటూ అప్పజెప్పుకుంటూ వచ్చి, నా వేలు దగ్గర ఆగి ఆ మాట చెప్పాడు. ఇంకో లైన్లో పెట్టాను. మళ్లీ అంతే. మూడోసారి పాఠంలో లేని మాట, వాడి ఊరి పేరే, బోర్డు మీద రాశాను. చూస్తూ నిలబడ్డాడు.

వాడికి అక్షరాలు బొమ్మలు. చూసి గీయగలడు. పాఠమంతా నోటికొచ్చు. బొమ్మకీ నోటికీ మధ్య దారం లేదు, అంతే. మీ బాబు 38 మార్కులు కూడా ఇలాంటివే అయ్యుంటాయి. పాఠం వెనక ప్రశ్నలకి జవాబులు బోర్డు మీద రాస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు, ఇంట్లో కంఠతా పడతారు, అవే ప్రశ్నలు పరీక్షలో వస్తాయి. ప్రశ్నని కూడా పూర్తిగా చదవక్కర్లేదు. మొదటి మాట, ప్రశ్న పొడుగు చూసి ఏ జవాబు దించాలో పట్టేస్తారు. ఖాళీలు పూరించడం, జతపరచడం అయితే ఇక చెప్పేదేముంది. 40కి 38 ఇచ్చిన టీచరు మోసం చేయలేదమ్మా. ఆ పేపరు దేన్ని కొలుస్తుందో దానికే మార్కులు వేశారు.

అప్పట్లో నేనేమన్నానో కూడా చెప్పాలి. "కింది క్లాసుల్లో ఏం వెలగబెట్టారో" అన్నాను. స్టాఫ్‌రూమ్‌లో హైస్కూలు వాళ్లందరం అనే మాటే అది. ప్రైమరీ వాళ్లు "ఇళ్లల్లో పట్టించుకోరు" అంటారు. ఇంట్లోవాళ్లు "బళ్లో చెప్పట్లేదు" అంటారు. బంతాట.

1990ల్లో మా ఊళ్ల నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్ వెళ్లడం బాగా ఉండేది, ఇప్పటికీ ఉంది. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగేవారు. ఒక సాయంత్రం స్కూలు వదిలాక ఒక పెద్దావిడ గేటు దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఉత్తరం. "మేష్టారండీ, కాస్త సదివి పెడతారా? ఆడికి రావట్లేదండి" అంది. పక్కనే ఆవిడ మనవడు, నా క్లాసులో ఏడో తరగతి, తల దించుకుని. వాళ్ల అమ్మ రాసిన ఉత్తరం. వాడి గురించే రాసింది, జ్వరం తగ్గిందా, చెప్పులు కొన్నావా అని. వాడి తల్లి వాడి గురించి రాసిన మాటలు నా నోట వినాల్సొచ్చింది వాడికి. ఆ ఏడాది తెలుగులో వాడికి పాసు మార్కులు వేసింది నేనే. ఇప్పుడైతే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది కాబట్టి ఆ సిగ్గు బయటపడదు. పిల్లాడికి చదవడం రాదన్న సంగతి ఇంట్లో తెలియడానికి ఇప్పుడు మీలాగా పేపరు ముందు పెట్టి చూడాల్సిందే. అందుకే మీరు అడిగినందుకు సంతోషం.

నా గర్వం దిగింది మాత్రం 2022లో. ఆ జూన్‌లో జీవో 117 వచ్చింది. దగ్గర్లో ఉన్న ప్రైమరీ స్కూళ్ల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలపడం, సబ్జెక్టు టీచర్లే వాళ్లకి పాఠాలు చెప్పడం దాని సారాంశం. కాగితం మీద బాగానే ఉంటుంది: ప్రతి సబ్జెక్టుకీ ఒక స్పెషలిస్టు. ఎనిమిదేళ్ల పిల్లలు పెద్ద రోడ్డు దాటి, కాలవ వంతెన దాటి రావాలన్నది వేరే గొడవ. (2025లో ప్రభుత్వం ఆ జీవోని వెనక్కి తీసుకుంది.) ముప్ఫై మూడేళ్ల సర్వీసు తర్వాత నాకు మూడో తరగతి తెలుగు ఇచ్చారు. పద్యానికి ప్రతిపదార్థం నిద్రలో లేపి అడిగినా చెప్తాను, సంధులు, సమాసాలు, అలంకారాలు అన్నీ వచ్చు. ఆ పిల్లల ముందు నిలబడ్డాక తెలిసింది, నాకు అక్షరం నేర్పడం రాదని.

ఒక పిల్ల గుణింతం రాగం తీస్తూ తప్పు లేకుండా చెప్పేది. ముద్దొచ్చేది. బోర్డు మీద "పొలం" అని రాసి చదవమన్నాను. ఆ పిల్ల 'పొ' దగ్గర ఆగి, వేళ్లు మడుస్తూ లోలోపల "ప పా పి పీ పు పూ పె పే పై పొ" అని అక్కడిదాకా పరిగెత్తింది. "పొ" అని పైకి చెప్పి, 'ల' దగ్గరికొచ్చి, సున్న దగ్గరికొచ్చేసరికి మొదటి అక్షరం ఏమిటో మర్చిపోయింది. మళ్లీ మొదటి నుంచి ప పా పి పీ. ఒక్క మాటకి ఒకటిన్నర నిమిషం. ఇలా చదివితే వాక్యం చివరికొచ్చేసరికి మొదట ఏముందో ఎవరికి గుర్తుంటుంది? ఆ పిల్లకి బుద్ధి తక్కువా? లేదు, మెట్లు లెక్కపెట్టుకుంటూ మేడెక్కుతోంది, అంతే. మధ్యలో ఏ మెట్టు మీదైనా నేరుగా కాలు పెట్టడం మేం నేర్పలేదు.

మన లిపికి ఒక పెద్ద సౌకర్యం ఉంది, ఒక పెద్ద బరువూ ఉంది. సౌకర్యం ఏమిటంటే, ఎలా పలుకుతామో దాదాపు అలాగే రాస్తాం. జీ-ఓ 'గో' అయితే డీ-ఓ 'డూ' ఎందుకయిందన్న పేచీ తెలుగులో లేదు. గుర్తులు పట్టుబడితే ఎప్పుడూ చూడని మాట కూడా చదివేయొచ్చు. బరువేమిటంటే, ఆ గుర్తులు బోలెడు. ముప్ఫై అయిదు హల్లులు, ఒక్కోదానికి పన్నెండు గుణింతాలు అనుకున్నా నాలుగు వందలు దాటతాయి, ఆపైన ఒత్తులు. ప, వ, ష ఒకేలా ఉంటాయి. మ, య తికమక పెడతాయి. ద, ధ, థ పెద్దవాళ్లే తడబడతారు. ఇవన్నీ వరస పెట్టి పూర్తి చేశాకే మాటలు చదివిస్తాం అంటే, ఝ, ఘ, ఋ దాటేసరికి ఏడాది అయిపోతుంది. మూడో తరగతి పిల్లాడికి 'ఋ'తో ఋషి తప్ప ఏం పని?

ఆ ఏడాది పక్క ఊరి ప్రైమరీ స్కూల్లో పనిచేసే ఒక ఎస్‌జీటీ (చిన్న తరగతులకి చెప్పే టీచరు) అమ్మాయి దగ్గరికి వెళ్లి నేర్చుకున్నాను. నా దగ్గర పదో తరగతి చదువుకున్న పిల్లే. "మాస్టారూ, అన్నీ ఒకేసారి పెట్టకండి, అయిదక్షరాలు తీసుకోండి" అంది. ప, డ, వ, ల, త. ఈ అయిదింటితో ఎన్ని మాటలొస్తాయో చూడండి: వల, తల, లత, వడ, పడవ, తడవ. అన్నీ పిల్లలు రోజూ అనే మాటలే. ర, ద కలపగానే వరద వచ్చింది. మా లంక పిల్లలకి వరద గురించి వేరే చెప్పాలా, ఆ మాట బోర్డు మీద వాళ్లంతట వాళ్లు చదివిన రోజు క్లాసు గోల గోల. ఆ తర్వాత దీర్ఘం. ఆ తర్వాత గుడి, కొమ్ము. ఒత్తుల్లో ముందు ద్విత్వాలు: అమ్మ, అక్క, గట్టు, చెట్టు, గుడ్డు. వాళ్ల నోట్లో ఎప్పుడూ ఉండేవి అవే. ఆ పైన బస్సు బోర్డులు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు అక్కడి బోర్డులన్నీ చదివి రమ్మని హోంవర్క్ ఇచ్చాను. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి, రోజూ ముప్పావుగంట చొప్పున, ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ తెలియని పేరా చదివేవారు. ఆ ఇద్దరు ముగ్గురిలో ఒకడికి కళ్లు కనపడట్లేదని ఆలస్యంగా కనిపెట్టాం. కళ్లద్దాలు వచ్చాక వాడూ చదివాడు. (మీ బాబుకి కూడా ఒకసారి కళ్లు చూపించండి, మర్చిపోకండి.)

చదవడం ఇలా ఉంటే, రాయడం సంగతి ఇంకోలా పాడుచేశాం. దీంట్లో నా చేతి ఎర్రసిరా బాగానే ఉంది. మా వైపు పిల్లలు ఇంట్లో "వత్తన్నాడు", "చేత్తాను", "ఎల్లిపోయాడు", "ఇన్నాను" అంటారు. అలాగే రాసేవారు. నేను ప్రతిదానికీ సున్నా చుట్టేవాణ్ణి. కొన్నాళ్లకి పిల్లలు తెలివిగా తప్పులు మానేశారు. ఎలాగంటే, సొంతంగా రాయడమే మానేశారు.

2006 ఆగస్టు వరద తగ్గాక స్కూలు తెరిచిన మొదటి వారంలో ఎనిమిదో తరగతికి 'వరదలు' అని వ్యాసం ఇచ్చాను. క్లాసులో సగం మంది ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద పడుకుని వచ్చినవాళ్లే. అందరూ ఒకటే రాశారు: "వరదలు ప్రకృతి వైపరీత్యములలో ఒకటి. వీటివలన అపార ఆస్తి నష్టము, ప్రాణ నష్టము సంభవించును." గైడులో వ్యాసం. ఒక్క గేదె లేదు, ఒక్క పడవ లేదు. నేను పేపర్లు పక్కన పడేసి, "ఒరే, ఆ రాత్రి మీ ఇంట్లో ఏమైందో నోటితో చెప్పండి చాలు" అన్నాను. చివరి బెంచీ కుర్రాడు లేచాడు. "నీళ్లొత్తన్నాయని రాత్రి రెండింటికి మా నాన్న లేపాడండి. గేదిల తాళ్లు కోసేసాం. ఓ దూడ రాలేదండి. నేను ఎనక్కెల్తానంటే మాయమ్మ జుట్టట్టుకుని లాగింది." అన్నది అన్నట్టుగా బోర్డు మీద రాశాను. క్లాసంతా నిశ్శబ్దం. ఆ తర్వాత "దీన్ని ఊరికి తెలియనివాళ్లు కూడా చదువుకునేట్టు రాద్దామా?" అని అడిగి, ఒత్తన్నాయిని వస్తున్నాయి చేశాం, ఎనక్కిని వెనక్కి చేశాం. 'జుట్టట్టుకుని' దగ్గర పెద్ద చర్చే జరిగింది. 'జుట్టు పట్టుకుని' అని విడదీశాక, ఇక సంధి అంటే ఏమిటో నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. అంతకుముందు పదిహేడేళ్లు సంధి సూత్రాలు బట్టీ పట్టించాను.

గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కదా. పిల్లల్ని ఎండలో నిలబెట్టి, ముఖ్య అతిథి చేత గంటసేపు అమ్మ భాష గొప్పదనం చెప్పిస్తాం. ఒక ఏడాది మా బ్యానరు మీద 'శుభాకాంక్షాలు' అని పడింది, ఎవరూ చూడలేదు, చివరికి ఆరో తరగతి పిల్ల పట్టుకుంది. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి అందరూ చెప్తారు. నాకు అంతకన్నా ఇష్టమైనది, ఆయన సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేసి చదువు చెప్పించడం. పిల్లాడి నోట్లో ఉన్న మాటతో మొదలుపెట్టాలన్నది ఆయన పద్ధతి. మనం ఆయన ఫొటోకి దండ వేసి, అదే రోజు మధ్యాహ్నం "వత్తన్నాడు" అన్న పిల్లాణ్ణి చూసి నవ్వుతాం.

ఇక పాలసీ. ఇక్కడ అందరికీ ఆవేశం ఎక్కువ కాబట్టి జరిగినవి జరిగినట్టు చెప్తాను. 2019 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం జీవో 81 ఇచ్చింది, ప్రభుత్వ స్కూళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అని. అదే నెలలో జీవో 85తో ఒకటి నుంచి ఆరు దాకా అని మార్చారు. తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోల్ని కొట్టేసింది. ఆ వెంటనే ఇంటింటికీ ఆప్షన్ ఫారాలు పంపారు. నూటికి 96 మంది తల్లిదండ్రులు ఇంగ్లీషే అడిగారని ప్రభుత్వం ప్రకటించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది, ఆచరణలో ఇంగ్లీషు మీడియం వచ్చేసింది. అదే 2020 జులైలో కేంద్రం జాతీయ విద్యా విధానం తెచ్చింది. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు చెప్పాలని అందులో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆచరణ సాధ్యమైనంత మేరకు మాతృభాషలోనే అంటుంది. ఆ "వీలైనచోట", "సాధ్యమైనంత మేరకు" అన్న మాటల్లోనే ఉంది కిటుకంతా. 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు, ప్రైమరీలో మాతృభాషే ఉండాలని ప్రైవేటు స్కూళ్ల మీద ప్రభుత్వం రుద్దలేదని చెప్పింది. అంటే ఎవరు ఎన్ని పాలసీలు రాసినా, మీ బాబు చదివే స్కూల్లో మీడియం ఏమిటన్నది అంతిమంగా మీరు కట్టే ఫీజు తేలుస్తుంది.

ఇంగ్లీషు అడిగిన 96 మందిని నేను తిట్టను. తిట్టే అర్హత కూడా లేదు. సభల్లో తెలుగు మీడియం గురించి మాట్లాడి వచ్చి, మా అమ్మాయిని కాన్వెంటులో వేసినవాణ్ణి నేను. కొబ్బరి దింపుకి వెళ్లే తండ్రి "మేష్టారూ, మీ పాపకైతే ఇంగిలీసూ, మావోడికి తెలుగా అండీ?" అని ఒకసారి నవ్వుతూనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మా అమ్మాయికి తెలుగు వచ్చిందంటే అది కాన్వెంటు పుణ్యం కాదు, రాత్రిపూట వాళ్ల నాయనమ్మ కథలు చదివించుకునేది కాబట్టి.

అయితే క్లాసులో జరిగింది ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు మీడియం వచ్చాక పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు చేసి ఇచ్చారు. ఆలోచన మంచిదే, నాకు నచ్చింది. కానీ చూస్తుంటే, తెలుగు చదవగలిగిన పిల్లలు ఎడమ పక్కా కుడి పక్కా చూసుకుంటూ అర్థం చేసుకున్నారు. నెమ్మదిగా ఇంగ్లీషు కూడా అందుకున్నారు. తెలుగు చదవలేని పిల్లలకి రెండు పేజీలూ ఒకటే, రెండూ బొమ్మలే. సైన్సు టీచరు ఇంగ్లీషు వాక్యం చదివి, తెలుగులో వివరించి, ఇంగ్లీషులో జవాబు బోర్డు మీద రాస్తారు. పిల్లలు ఎక్కించుకుంటారు. మళ్లీ ముత్యాల్లాంటి అక్షరాలు. మీడియం ఏదని కొట్టుకుంటున్నాం గానీ, ఏదో ఒక భాషలో సొంతంగా చదవడం వచ్చిందా అని అడిగే నాథుడు లేడు. ఈత రానివాణ్ణి గోదాట్లో దింపినా కాలవలో దింపినా మునిగేది ఒకటే. ముందు ఈత నేర్పాలి, అదీ వాడికి తెలిసిన నీళ్లలో.

కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అని మొదలుపెట్టి, మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లాడికీ చదవడం, లెక్కలు రావాలన్నారు. ఇన్నేళ్లలో ఢిల్లీ నుంచి వచ్చిన వాటిల్లో నాకు నచ్చిన లక్ష్యం అది. కానీ మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని కొలత పెట్టారు. తెలుగులో పదం అంటే ఏమిటో వాళ్లకెవరు చెప్తారు? "వెళ్లిపోతున్నామంటున్నారు" మనకి ఒక పదం. ఇంగ్లీషులో అది నాలుగైదు పదాల వాక్యం. అలాంటి 60 పదాలు నిమిషంలో నేనూ చదవలేను. ఒక సమావేశంలో ఇదే అడిగితే "ఫార్మాట్‌లో అలాగే ఉంది మాస్టారూ" అన్నారు. దానికి తోడు బాత్రూము ఫొటోలు, గుడ్ల లెక్క, హాజరు యాప్, ఇవన్నీ అప్‌లోడ్ చేసేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. ఇంటర్లో చేరాక రెండో భాషగా, ఎప్పుడూ చదవని సంస్కృతం మార్కుల కోసం తీసుకుంటారు మన పిల్లలు. దాని గురించి మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ముందు బాబు ఎక్కడ ఆగాడో చూడండి. 'అసర్' సర్వేవాళ్లు 2005 నుంచి ఊళ్లలో ఇళ్లకి వెళ్లి చేసే పరీక్ష చాలా తేలికైంది: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. ఏది దాకా చదవగలడో అదే వాడి మెట్టు. మీరూ అలాగే చేయండి. వాడి తెలుగు పుస్తకం మాత్రం వాడకండి, అది నోటికొచ్చేసి ఉంటుంది. కింది తరగతి పిల్లల పుస్తకం ఏదైనా పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. పరీక్ష అనకండి, పక్కన కూర్చుని చదివించుకోండి. గుణింతం దగ్గర లోలోపల లెక్కపెడుతున్నాడేమో పెదాలు చూడండి.

లెక్కపెడుతుంటే గుణింతాల వరస ఆపేసి, విడివిడిగా చూపించండి: కి, లు, పో, రే. రోజుకి ఇరవై నిమిషాలు చాలు, ఆదివారంతో సహా. ట్యూషన్‌లో వేయకండి, అక్కడ మళ్లీ క్వశ్చన్-ఆన్సర్లే బట్టీ పట్టిస్తారు. పదిసార్లు రాయమని శిక్ష వేయకండి, చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. ముందు మీరు ఒక చిన్న కథ పైకి చదివి వినిపించండి, తర్వాత అదే వాడు చదవాలి, మీ వేలు మాట కింద కదలాలి. నెల్లాళ్లు ఇలా చేశాక, మీరు ముందు చదివి వినిపించని కొత్త కథ ఇవ్వండి. తప్పు చదివితే వెంటనే అందించకండి, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. చాలాసార్లు వాడే సరిచేసుకుంటాడు. ఆ మూడు క్షణాలు ఆగడం మాకు, అంటే టీచర్లకి, అస్సలు చేతకాని పని.

ఇంట్లో నాయనమ్మో తాతయ్యో ఉంటే ఈ పని వాళ్లకి అప్పజెప్పండి. వాళ్లకి చదువు రాకపోతే ఇంకా మంచిది. చదువొచ్చినవాళ్లకి చదివి వినిపించడం పరీక్షలా ఉంటుంది, రానివాళ్లకి వినిపించడం సాయం చేసినట్టు ఉంటుంది. పిల్లలకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

స్కూలుకి వెళ్లి గొడవ పడకండి. ప్రభుత్వ స్కూళ్లలో అయితే విద్యాహక్కు చట్టం కింద తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది, అందులో అడగొచ్చు. మీది ప్రైవేటు కాబట్టి తెలుగు టీచర్నే నెమ్మదిగా అడగండి: పరీక్షలో ఒక్క ప్రశ్నయినా పాఠంలో లేని పేరా ఇచ్చి రాయించగలరా అని. ఆవిడా సంతోషిస్తుంది. చాలాచోట్ల తెలుగు టీచర్‌కి జీతం తక్కువ, పీరియడ్లు ఎక్కువ, ఆఖరి పీరియడ్ ఆవిడకే ఇస్తారు. అడిగే తల్లిదండ్రులు ఉంటే మేనేజ్‌మెంట్ ముందు ఆవిడ మాటకి కాస్త బలం వస్తుంది.

ఈ ఆదివారం కొట్టుకి వెళ్లేటప్పుడు సామాన్ల చీటీ వాడిచేత రాయించండి. మీరు చెప్పాలి, వాడు రాయాలి, కొట్టు దగ్గర చదివి ఇప్పించుకోవాల్సిందీ వాడే. 'ఉళ్లిపాయలు' అని రాసినా మీరు దిద్దకండి. కొట్టతను ఉల్లిపాయలే ఇస్తాడు.